నా పేరు మీద వెళ్లిన పెట్టెలు

మా ఇంటి పేరు ఇప్పుడు రెండు చోట్ల మాత్రమే మిగిలింది. ఒకటి, చెన్నూరు అవతల గోదావరి ఒడ్డున, కప్పు కూలిన మా దొరల మేడ, మా గడి దర్వాజ మీది రాతిలో. అక్కడ దాన్ని చదవడానికి ఎవరూ రారు. రెండోది జర్మనీ దేశంలో, తమ ఊళ్లలో పడే ప్యాకింగ్ చెత్తకు ఎవరెవరు బాధ్యులో రాసిపెట్టుకునే పట్టికలో. అక్కడ ఎవరైనా చదవవచ్చు. ఆ పట్టికలో పేరు ఎక్కిన రోజు నేను గర్వపడ్డాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడను. దాని వెనకాల నడిచి వచ్చినదాని గురించే రాస్తున్నాను.

కరీంనగర్‌లో మాది అద్దె ఇల్లు. పై అంతస్తు, రెండు గదులు. భూములు మా తాత కాలంలోనే పోయాయి. కొన్ని చట్టానికి, ఎక్కువ జామీనుకు. ఎవరు వచ్చి "దొరా, మీ పేరు ఇస్తె చాలు" అన్నా ఆయన లేదనేవాడు కాదు. కల్లు గుత్తలు పాడుకున్నవాళ్లకూ, బండ్లు కొన్నవాళ్లకూ, ముఖం కూడా సరిగ్గా తెలియనివాళ్లకూ పేరు ఇచ్చాడు. వాళ్లు చేతులెత్తేసినప్పుడల్లా మా చెలకలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అయినా మా బాపు ఆయనను ఒక్క మాట అనలేదు. అడిగినవాడికి అన్నం లేదనవచ్చు గాని పేరు లేదనకూడదని నాకూ అదే నేర్పాడు.

ఉద్యోగ విరమణ అయ్యాక నేను ఆన్‌లైన్‌లో ఒక చిన్న దుకాణం తెరిచాను. అమ్మింది బొంతలు. చొప్పదండిలో మెథడిస్టు చర్చి వెనక వాడలో ఒక టీచరమ్మ ఉంది. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది, నాకంటే పెద్దది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, వాడలోని ఆడవాళ్లతో కలిసి బొంతలు కుడుతుంది. ఆ కుట్టు చూస్తే వాన చినుకులు వరస తప్పకుండా పడ్డట్టు ఉంటుంది. మొదట హైదరాబాదు వాళ్లు కొన్నారు. తర్వాత చలిదేశాల వాళ్లు, అందరికంటే ఎక్కువగా జర్మనీ వాళ్లు. ఆ వాడలో ఐదారు ఇళ్ల పొయ్యి ఈ బొంతల మీదే వెలుగుతూ వచ్చింది. దుకాణం ఆగితే ఆ పొయ్యిలు ఆగుతాయని నాకు మొదటినుంచీ తెలుసు.

అప్పుడే ఆ దేశం చట్టం మా దాకా వచ్చింది. సరుకు ఏ దేశం నుంచి వచ్చినా సరే, వాళ్ల గడపలో విప్పిన అట్టపెట్టె, కవరు, టేపు ఎవరి పేరుతో వచ్చాయో వాళ్లే ఆ చెత్తకు బాధ్యులు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఏడాదికి ఎంత అట్ట, ఎంత ప్లాస్టిక్ పంపుతామో చెప్పి, దాన్ని ఎత్తి మళ్లీ వాడుకలోకి తెచ్చే కంపెనీకి రుసుము కట్టాలి. నమోదు నంబరు లేకపోతే ఆన్‌లైన్ అంగడివాళ్లు అమ్మనివ్వరు. ఆ నమోదు మన బదులు ఇంకొకరు చేయడానికి లేదు, మన పేరు మనమే ఇచ్చుకోవాలి. ఈ చివరి షరతు నాకు బాగా నచ్చింది.

టీచరమ్మ అరుగు మీద కూర్చుని నేనిది వాడవాళ్లకు విడమరిచి చెప్పాను. "వడ్డించినవాడే ఇస్తరి ఎత్తాలి అన్నట్టు. ఇందులో కొత్తేముంది? మా గడిలో భోంచేసిన చుట్టాన్ని ఏనాడూ తన ఇస్తరి తనను ఎత్తనివ్వలేదు."

టీచరమ్మ సూది ఆపలేదు. "ఎత్తింది మీరా సారూ?"

"మా ఇంటివాళ్లే."

"చెన్నూరుల ఉన్నప్పుడు మా అమ్మమ్మ ఎత్తింది. గా ఇస్తర్లల్ల మిగిలింది కొంగుల కట్టుకొచ్చి తన బిడ్డకు, మా అవ్వకు పెట్టేదట. ఎత్తించినం అనుండ్రి, సరిపోతది."

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

"పోనియ్యుండ్రి," అంది ఆమె దారం కొరుకుతూ. "ఇప్పుడన్న మీరు ఎత్తుతున్నరు గద. దేవునికి స్తోత్రం."

నేను చెప్పినట్టే నడిచింది. ఒక్కో బొంతకు చీర అంచులతో ఆమే ఒక గుడ్డసంచి కుట్టేది. ప్లాస్టిక్ ముట్టనిచ్చేది కాదు, బొంతకు ఊపిరాడాలనేది. సంచిలో బొంత, పైన ఒక కొత్త అట్టపెట్టె, కాగితం టేపు. అన్నీ తూచి, ఆ తూకమే ఆ దేశానికి చెప్పాను. చెప్పిన దానికి రవ్వంత తేడా లేకుండా పంపాను.

సీతాఫలాల కాలంలో ఒక పొద్దున చొప్పదండి పక్క ఊరినుంచి ఒకతను గంపతో మా మెట్లెక్కి వచ్చాడు. మరమగ్గాలు నడిపే పద్మశాలి. మా వైపు వాటిని సాంచాలంటారు. వాళ్ల తాత చెన్నూరులో ఉన్నప్పుడు మా గడికి ధోవతులు నేసేవాడట. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దొరా, మీ బొంతలు సముద్రాలు దాటుతున్నయట. మా చద్దర్లు కరీంనగర్ గూడ దాటుతలేవు."

"నువ్వూ పెట్టవయ్యా దుకాణం. ఎవరు అడ్డం?"

"పెట్టిన. గా దేశం నంబరు లేకుంటె అమ్మనియ్యమన్నరు. గదేమో ఇంగ్లీషుల అడుగుతది, నా తోని అయితదా? మీ పేరు మీద జర మా చద్దర్లు గూడ పోనియ్యుండ్రి. మీ తాత నీడల మా తాత బతికిండు. నేను గూడ మీ నీడలనే బతుకుత."

నన్ను దొరా అని పిలిచినవాడిని చూసి చాలా ఏళ్లయింది. సరే అన్నాను.

అతను వెళ్లాక మా ఆవిడ ఒక సీతాఫలం విప్పి నోట్లో వేసుకుంది. "తియ్యగున్నయి. మీ తాతకు గూడ ఎవరో గిట్లనే పండ్లు తెచ్చి ఉంటరు."

"ఇది జామీను కాదు. వాడి సరుకు నా దుకాణంలో పెడుతున్నాను, అంతే."

"వాడు దేంట్ల పెట్టి పంపుతడో మీ కండ్లకు కనబడతదా?"

"నేర్పుతాను" అన్నాను. నేర్పాను కూడా. అతని షెడ్డుకు వెళ్లి పెట్టె ఎలా ఎంచుకోవాలో, టేపు ఎంత వాడాలో చూపించాను. "చెత్త ఎంత తక్కువ పంపితే అంత మంచిది, గుర్తుపెట్టుకో" అని రెండుసార్లు చెప్పాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు.

కొరియర్ బండి అతని షెడ్డు ముందు రోడ్డు మీదికి వచ్చేది. చర్చి వాడలోకి రాదు. బొంతలూ తన దగ్గరే దించితే పెట్టెల్లో పెట్టి అన్నీ కలిపి పంపుతానన్నాడు. టీచరమ్మకు ఇది రుచించలేదు.

"మా చేతులతోని మీ చేతికి ఇస్తున్నం గద. నడుమ గాయన ఎందుకు?"

"బండి అక్కడికే వస్తుంది టీచరమ్మా."

"మీ ఇష్టం సారూ. పేరు మీది."

ఆ ఏడాది అమ్మకాలు పెరిగాయి. చద్దర్లు బొంతలను మించి పోయాయి. సాంచాల ఊళ్లో నేను టీ తాగడానికి ఆగితే ఇంకో ఇద్దరు వచ్చి పక్కన నిలబడ్డారు, తమ తువ్వాళ్లకు కూడా నీడ కావాలని. ఆలోచిస్తానన్నాను. ఏడాది చివర పంపిన పెట్టెల సంఖ్యను మా పెట్టె తూకంతో హెచ్చించి, వచ్చిన మొత్తాన్ని ఆ దేశానికి రాశాను. అన్ని పెట్టెలూ మా పెట్టెలాంటివేనని నేను అనుకోవడం కాదు, వేరే విధంగా ఉండవచ్చని నాకు తోచనే లేదు.

వానలు మొదలయ్యాక, చిరునామా తప్పని ఒక పార్సిల్ తిరిగి వచ్చింది. మెట్ల మీద పెట్టాను. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"గీ వాసనేంది? పత్తి చేన్ల నిలబడ్డట్టున్నది."

"కొరియర్ బండిలో ఎవరివో ఎరువుల మూటలు వేసి ఉంటారు" అన్నాను. విప్పకుండానే తీసుకెళ్లి అటక మీద పెట్టాను. రెండు మూడు రోజులు ఆ వాసన గదిలోనే తిరిగింది. అన్నం ముందు కూర్చుంటే వచ్చేది. కిటికీలు తీసిపెట్టాం.

ఆ వారమే ఒక కొనుగోలుదారు ఫోటో పంపింది. బల్ల మీద మూత తెరిచిన పెట్టె. అందులో నీలం గళ్ల చద్దరు. మూత లోపలి వైపు ఒక గుర్తు, ఒక మూల మీద నిలబెట్టిన పలక లాంటిది. కింది సగం ఎరుపు, పై సగంలో పుర్రె, పుర్రెకు అడ్డంగా రెండు ఎముకలు. దాని పక్కన అక్షరాలు. ఆమె ఆ అక్షరాల చుట్టూ గీత గీసి ఒక్క ప్రశ్న అడిగింది. ఇక్కడ ఏం రాసి ఉంది?

తెలుగులో రాసి ఉంది. పిల్లలకు అందకుండా ఉంచండి, అని.

ఆ దేశంలో ఆమెకు ఆ మాట చదివి చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఉండి ఉండరు. నేను చదవగలను. పెట్టె బయట నా పేరు, లోపల ఆ మాట. జవాబు రాయకుండా ఫోన్ జేబులో పెట్టుకుని అటక ఎక్కాను. తిరిగి వచ్చిన పార్సిల్ కోశాను. లోపల అదే గుర్తు. అట్ట ఒక మూల నల్లబడి, ఎండి, బిరుసెక్కి ఉంది.

షెడ్డుకు వెళ్లేసరికి సాంచాలు అన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో అతను నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. వెనక రేకుల పందిరి కింద అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లు ఒక్కో పెట్టెను అతుకు దగ్గర చీల్చి, లోపలిది బయటికి తిప్పి, మళ్లీ బంక రాస్తున్నారు. పని చాలా శుభ్రంగా ఉంది. బయటినుంచి చూస్తే కొత్త పెట్టే.

"ఇవి ఎక్కడివి?"

"మా బామ్మర్దికి చెన్నూరుల మందుల దుకాణం ఉన్నది గద దొరా. పత్తి మందుల పెట్టెలు. రెండు పొరల అట్ట, దిట్టం. బండెడు తెస్తుండు. జైనూర్ దిక్కు దుకాణాలల్ల గూడ అడిగిపెట్టిండు."

"పురుగుల మందు పెట్టెల్లో చద్దర్లు పెడుతున్నావా?"

"మందు సీసాలల్ల ఉంటది, పెట్టెల ఉంటదా? ఎప్పుడన్న ఒక సీస పలుగుతది, గంతే. మా ఇంట్ల పప్పులు గిసొంటి పెట్టెలల్లనే పోస్తం. మీ ఇంట్ల లేవా?"

ఉన్నాయి. మా పెళ్లినాటి ఇత్తడి సామాను, మా బాపు ఫోటోలు అటక మీద అలాంటి పెట్టెల్లోనే ఉన్నాయి. పత్తి పండే ఊళ్లలో ఏ ఇంట్లో లేవు? ఇల్లు మారినా, పెళ్లికి సామాను సర్దినా, ముందు వెళ్లి అడిగేది మందుల దుకాణంలోనే.

"కొత్త డబ్బ కొంటె గా దేశానికి కొత్త చెత్త అయితది," అన్నాడతను, నాకు పాఠం అప్పజెబుతున్నట్టు. "ఇది ఎట్లనో చెత్తనే. పాత చెత్తకు మల్ల లెక్కెందుకు? చెత్త తక్కువ పంపుమని మీరే చెప్పిండ్రు గద!"

నా మాటనే పాటించాడు. ఆ ముఖంలో మోసం వెతికాను, దొరకలేదు. దొరికి ఉంటే నాకు తేలికగా ఉండేది.

సాంచ పక్కన నూనె తుడిచే గుడ్డల కుప్ప ఉంది. వాటిలో ఒకదాని అంచు గుర్తుపట్టాను. టీచరమ్మ కుట్టిన సంచి. కుప్ప కదిపితే కింద అన్నీ అవే.

"సంచితోని పెడితె పెట్టె మూత పడుతలేదు దొరా. తీసి పెడుతున్నం. మెత్తగున్నయని తుడుసుటానికి ఉంచిన."

అంటే బొంతలు కూడా వెళ్లాయి. అచ్చు వేసిన ఆ లోపలి అట్టకు నేరుగా ఆనుకుని వెళ్లాయి. కిందటి నెలలో టీచరమ్మ ఒక చిన్న బొంత కుట్టింది. కడుపుతో ఉన్న ఒకావిడ అడిగి చేయించుకున్నది. పాలపిట్ట రంగు అంచు. అదెక్కడ అని అడిగాను.

"గది పోయింది. చిన్న పెట్టెల పెట్టినం." మూలన ఉన్న చిన్న పెట్టెల దొంతర చూపించాడు. వంగి చూశాను. పైదాని అడుగున మరక. దాని కిందిదాని మీదా మరక. దేంట్లో ఏ సీసా పగిలిందో, ఆ బొంత వెళ్లినది తడిసినదో పొడిదో చెప్పగలిగినవాళ్లు లేరు. మోత మధ్య ఆ వాసన ఇక్కడ ఎవరికీ రావడం లేదు, అలవాటైపోయింది.

నేను మూత ఫోటో చూపించాక అతని నవ్వు పోయింది. నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"ఒక్కలే అడిగిండ్రు గద దొరా. పాత డబ్బ పొరపాటున పోయిందని రాయుండ్రి. ఇయ్యాల్టి సంది కొత్తయే వాడుత, ఒట్టు. అందరికి చెప్పితె దుకాణం మూతబడదా? నా సాంచలు, టీచరమ్మ వాడ, అందరం పరేషాన్ అయితం. ఒక్కసారి ఉతికితె పోతది గది."

"పోతుందా?"

అతను తిరిగి సాంచాల వైపు నడిచాడు.

అక్కడినుంచి నేరుగా చొప్పదండి వెళ్లాను. అరుగు మీద ఎప్పటిలాగే ఆడవాళ్లు కుడుతున్నారు. నిలబడే చెప్పాను. సంచుల సంగతీ చెప్పాను. టీచరమ్మ సూదిని రవికెకు గుచ్చుకుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"చంటిపిల్ల బొంత గూడనా?"

"అవును."

కుడుతున్నవాళ్లలో ఒకామె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె భర్త పత్తి పంట పోయిన ఏడాది ఇంట్లోనే పురుగుల మందు డబ్బా ఎత్తి తాగాడు. పత్తి ఊళ్లలో ఆ వాసన చేలల్లోనే కాదు, కొన్ని ఇళ్లల్లోనూ తెలుసు.

"అందరికి రాయుండ్రి సారూ," అంది టీచరమ్మ. "ఒక్కలను గూడ ఇడువకుండ."

"రాస్తే దుకాణం ఉండదు."

"తెలుసు."

పక్కనున్న చిన్నావిడ ఆగలేకపోయింది. "అక్కా, మల్ల మన సంగతేంది? పోరగాల్ల ఫీజులేంది? మనం చేసినమా గీ పని?"

"మనం చెయ్యలే. కని గా వాసన ఏందో మనకు తెలుసు. వాళ్లకు తెల్వది. తెలిసినోళ్లే చెప్పాలె."

"చేసినోనిది ఆరామే గద!"

"ఆయనకు గూడ రేపటి సంది ఆరాముండదు తియ్యి." తర్వాత నా వైపు తిరిగింది. "ఎవరు చేసిండ్రో రాస్తరా?"

"రాయను. పెట్టె మీద అతని పేరు లేదు."

"గా పేరంటె గంత పావురం, గంత ప్రేమనా సారూ మీకు?" అంది. వెక్కిరించినట్టే ఉంది, కాని గొంతు వేరుగా ఉంది. "మీరు ఆయన్ను కాపాడితె ఆయన ఇంకొకల పేరు మీద గవే పెట్టెలు పంపడా?"

మరునాడు షెడ్డుకు వెళ్లి నా ఎదుటే ఆ పెట్టెలన్నీ చింపించాను. అతను అడ్డు చెప్పలేదు, నా ముఖం చూడనూ లేదు. చింపినవి ఎక్కడ వేస్తావని అడిగితే "ఎప్పుడు ఏసే కాడనే" అన్నాడు. రోడ్డు పక్క వాగులో.

మా ఇంట్లో కూర్చుని ఒక్కొక్కరికీ రాశాను. మీకు వచ్చిన పెట్టె పురుగుల మందు మోసినది. అందులోని గుడ్డను వాడకండి, ఉతికి చూడకండి, పిల్లల దగ్గర ఉంచకండి. పెట్టెను మామూలు కాగితం చెత్తలో వేయకండి, దాంతో మళ్లీ కాగితం చేస్తారు. విషపదార్థాలు తీసుకునే చోట ఇవ్వండి. పంపినది నా పేరు మీద, బాధ్యత నాది. చెత్త ఎత్తే కంపెనీకి కూడా నా తూకాలు తప్పని, ఆ అట్ట ఎలాంటిదో రాశాను. నేను రాస్తున్నంతసేపూ మా ఆవిడ అటక మీది ఇత్తడి సామాను దించి, పెట్టెల్లోంచి తీసి, ఉత్త నేల మీద వరసగా పెట్టింది.

జవాబులు వచ్చాయి. కొందరు తిట్టారు. ఒకాయన చాలా మర్యాదగా, మర్యాద వల్లే ఇంకా భయం వేసేలా, ఇంట్లో ఎవరెవరు ఆ చద్దరు మీద పడుకున్నారో ఒక్కొక్కరి వయసుతో సహా రాసి, ఏం చేయమంటారని అడిగాడు. ఫోటో పంపిన ఆవిడ, పెట్టె అప్పగించేశానని ఒక ముక్క రాసింది. ఆ తర్వాత అంగడివాళ్లు దుకాణం మూసేశారు. ఎదురు మాట్లాడలేదు. నా నమోదును నేనే రద్దు చేసుకోవచ్చునట. చేయలేదు. ఆ పెట్టెలు ఇంకా ఎవరెవరి ఇళ్లల్లో ఉన్నాయో తెలియకుండా పేరు తీసేసుకోవడం నా చేత కాదు.

చిన్న బొంత కొన్నావిడ మాత్రం జవాబు ఇవ్వలేదు. సరుకు చేరిందని కొరియర్ వాళ్ల దగ్గర ఉంది. దుకాణం మూతపడ్డాక ఆ దారిలో రాయడానికి వీల్లేదు. చిరునామాకు కాగితం మీద ఉత్తరం రాసి పోస్టులో వేశాను, మళ్లీ వేశాను. ఇల్లు మారిందో, ఊళ్లో లేదో, పరాయిదేశపు ఉత్తరమని విప్పనే లేదో. పురుడు అయిపోయి ఉంటుందని మాత్రం లెక్క తెలుస్తోంది.

పత్తి తీసే రోజులు వచ్చాయి. చర్చి వాడ ఆడవాళ్లు ఇప్పుడు చేలకు వెళుతున్నారు. టీచరమ్మ మోకాళ్లు సహకరించక వెళ్లలేదు. ఆదివారం చర్చి అయ్యాక నాకు ఫోన్ చేస్తుంది. కుశలం అడగదు.

"గా తల్లి రాసిందా సారూ?"

"లేదు."

కిందటి ఆదివారం వెంటనే ఫోన్ పెట్టలేదు. అటునుంచి చర్చి గంట, పిల్లల అరుపులు వినిపించాయి.

"గాడ చలి షురువైందా?"

"అయింది. మంచు కూడా పడుతుందట కొన్నిచోట్ల."

"గట్లయితె గా బొంత కప్పుతుంటరు" అంది.